స్కాన్ బల్ల మీంచి లేచిందెవరు?

నడుం పక్కన పొడుస్తున్న రాయి ఒక ఎత్తు, ఎదురుగా నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ ఒక ఎత్తు. రాయికైతే స్పెషలిస్టు ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్‌కి ఏ స్పెషలిస్టూ లేడు. ఆ మాటకొస్తే గంట క్రితం నుంచి డిటెక్టివ్‌కి రాయి డాక్టరు కూడా లేడు.

ఈ నొప్పితో అతను ఎక్కని గుమ్మం లేదు. ఒక డాక్టరు గ్యాస్ అన్నాడు. ఇంకొకాయన నరం పట్టిందన్నాడు. మూడో ఆయన తల గోక్కుని, "కిడ్నీల పెద్ద డాక్టరు ఒకాయనున్నాడు, ఆయన దగ్గరికి వెళ్లండి" అని చేతులు దులుపుకున్నాడు. ఆ పెద్ద డాక్టరు అపాయింట్‌మెంట్ దొరకడానికి నెలలు పట్టింది. ఇవాళ పొద్దున్న స్కాన్ అయింది. తీసింది డాక్టరుగారి భార్యే. ఇక లోపలికి పిలుపు రావడమే తరువాయి అనుకుంటూ హాల్లో అటూ ఇటూ తిరుగుతుంటే, పిలుపుకి బదులు రిసెప్షనిస్టు కేక వినిపించింది.

పెద్ద డాక్టరు తన గదిలో నేల మీద పడి ఉన్నాడు. తల వెనక పగిలింది. పక్కన, ఎప్పుడూ ఆయన టేబుల్ మీద ఉండే పాలరాతి కిడ్నీ బొమ్మ. ప్రాణం ఉంది, స్పృహ లేదు.

అంబులెన్స్ వచ్చింది. స్కాన్ డాక్టరమ్మ భర్త చెయ్యి పట్టుకుని స్ట్రెచర్ వెంట నడిచింది. అంత గాభరాలోనూ డిటెక్టివ్ ముందు ఆగింది.

"మీ నొప్పి సంగతి మర్చిపోలేదండీ. ఏర్పాటు చేసే వెళ్తున్నా."

డిటెక్టివ్ చేతులు జోడించాడు. భర్త చావుబతుకుల్లో ఉన్నా ఎవరో పేషెంటు నొప్పి గుర్తుపెట్టుకుందంటే అది మనిషి జన్మ! పొద్దున్న స్కాన్ చేస్తూ కూడా ఎంత మర్యాదగా మాట్లాడిందో. ఏం చేస్తుంటారని అడిగింది. డిటెక్టివ్‌నని ఇతను కాస్త ఛాతీ విరిచే చెప్పాడు. "అమ్మో, అయితే మీ దగ్గర ఏదీ దాగదన్నమాట" అని నవ్వింది. ఇలాంటి భార్య దొరికిన పెద్ద డాక్టరంటే, తల పగిలి పడున్న మనిషని కూడా చూడకుండా, డిటెక్టివ్‌కి కాస్త కుళ్లు పుట్టింది.

ఎందుకంటే అతని సొంత భార్య అప్పుడే పోలీసు జీపు ముందు సీట్లోంచి దిగింది. ఇన్‌స్పెక్టర్ ఏదో అన్నాడు, ఆమె నవ్వుతూ దిగింది. ఆమె వేలిముద్రల నిపుణురాలు. ఆర్నెల్లుగా ఆ ఇన్‌స్పెక్టర్ టీములో పనిచేస్తోంది. ఆర్నెల్లుగా ఇంట్లో పప్పులో ఉప్పు తగ్గినా "మా ఇన్‌స్పెక్టర్‌గారైతే..." అనే మొదలవుతుంది.

"ఇదేంటండీ, మీరిక్కడున్నారు?" అంది ఆమె.

"అపాయింట్‌మెంట్ ఉందని నిన్న కూడా చెప్పాను."

"అది ఇవాళా!"

ఇన్‌స్పెక్టర్ డిటెక్టివ్‌ని పైనుంచి కింది దాకా చూశాడు. "సార్‌కి కిడ్నీలో రాయా? అయ్యో. నాకీ రోగాలేవీ తెలీవండీ. పొద్దున్నే ఈత, రోజంతా బోలెడు నీళ్లు."

"విన్నారా? నీళ్లు తాగండి, నీళ్లు తాగండని నా నోరు నొప్పెట్టేలా చెప్పాను" అంది భార్య.

రాయి ఒకసారి గిర్రున తిరిగినట్టయింది.

ఇన్‌స్పెక్టర్ పావుగంటలో కేసు తేల్చేశాడు. సోఫాల షాపు ఆసామి ఒకడు నెల రోజులుగా కిడ్నీ నొప్పని ఈ క్లినిక్ చుట్టూ తిరుగుతున్నాడు. రిసెప్షనిస్టు అతని భార్యే. ఆమెకీ పెద్ద డాక్టరుకీ ఏదో ఉందని వీధి వీధంతా చెప్పుకు తిరుగుతున్నాడట. కేక వినపడ్డప్పుడు అతను వెనక వసారాలో, డాక్టరు గది తలుపుకి నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. వేలికి రక్తం ఉంది. ఇంకేం కావాలి? హాల్లో కుర్చీకేసి సంకెళ్లు బిగించారు.

"సాయంత్రం కోర్టులో నిలబెడతా. మీరు నడుం పట్టుకుని కూర్చోండి సార్, శ్రమపడకండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

రిసెప్షనిస్టు మాత్రం డిటెక్టివ్ దగ్గరికే వచ్చింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బింది. "మా ఆయన ఒట్టి అనుమానం పక్షి సార్. నన్ను నానా మాటలూ అంటాడు. కానీ బొద్దింకని కూడా చంపలేడు, నన్నే పిలుస్తాడు. మీరొక్కసారి మాట్లాడండి సార్."

డిటెక్టివ్ కుర్చీ లాక్కుని సోఫాల ఆసామి ఎదురుగా కూర్చున్నాడు. కూర్చోలేక లేచాడు. గోడకి ఆనుకున్నాడు. మళ్లీ కూర్చున్నాడు.

"నొప్పి ఎటువైపు?"

"ఎడమ వైపండీ."

"పొద్దున్న కుడివైపు పట్టుకున్నావే."

ఆసామి గబుక్కున కుడివైపుకి ఒరిగాడు.

"కిడ్నీ నొప్పి ఉన్నవాడు ఎలా ఉంటాడో నన్ను చూడు. కూర్చుంటే నిలబడాలనిపిస్తుంది, నిలబడితే పడుకోవాలనిపిస్తుంది. నువ్వేమో పొద్దున్నుంచీ ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నావు. నీకు నొప్పీ లేదు, రాయీ లేదు. ఆ వేలికేమైంది?"

"షాపులో మేకు గీసుకుందండీ."

"మేకు అయితే చీరుకుపోతుంది. ఇది సూది గుచ్చిన చుక్క." డిటెక్టివ్ అతని చొక్కా కాలర్ తిప్పాడు. లోపలివైపు సోఫా గుడ్డలు కుట్టే లావుపాటి సూది ఒకటి గుచ్చి ఉంది. మొన మీద ఎండిన ఎరుపు.

ఆసామి ముఖం ఒక్కసారిగా చిన్నపిల్లాడి ముఖమైపోయింది. గొంతు తగ్గించాడు. "మా ఆవిడకి చెప్పకండి సార్. మీకు దణ్ణం పెడతా, సంకెళ్లున్నాయి గానీ."

"చెప్పు ముందు."

"టెస్టు చేసిన ప్రతిసారీ నార్మలని వస్తోంది సార్. నార్మలైతే డాక్టరు ఇంక రావక్కర్లేదంటాడు. నేను రాకపోతే వీళ్లని కనిపెట్టేదెవరు? అందుకని... శాంపిల్ సీసాలో ఒక చుక్క నా రక్తం కలుపుతున్నా. రక్తం కనిపిస్తేనే సార్ స్పెషలిస్టు మళ్లీ రమ్మనేది! ఇవాళ కూడా బాత్రూమ్‌లో అదే పనిలో ఉన్నా. బయటికొచ్చి కాసేపు వసారాలోనే కాపు కాశా, డాక్టరు గది తలుపు దగ్గరికొచ్చేసరికి కేక వినపడింది."

ఇన్‌స్పెక్టర్ వెనక నుంచి పకపకా నవ్వాడు. "కథ బాగా కుట్టాడు సార్, సోఫా లాగా. బాత్రూమ్‌లో ఉన్నాడనడానికి సాక్షి ఎవరట, ఆ సీసానా?"

డిటెక్టివ్‌కి నవ్వు రాలేదు. మర్చిపోయావంటూ భార్యకి టిఫిన్ డబ్బా పట్టుకుని తను రెండుసార్లు పోలీసు ఆఫీసుకి వెళ్లాడు. నిజానికి ఆమెనీ ఇన్‌స్పెక్టర్‌నీ ఓ కంట కనిపెట్టడానికి ఆ డబ్బాని వంటింటి అలమరలో దాచింది తనే. ఆసామి తన రక్తం వాడాడు, అంతే తేడా.

"ఈ అనుమానం ఇంకెవరితో అన్నావు?"

"వీధిలో అన్నానంటారు గానీ, నిజంగా నోరు విప్పి చెప్పింది ఒక్క డాక్టరమ్మకే సార్. పోయినసారి స్కాన్ బల్ల మీద పడుకుని. 'మీ ఆయన్ని కాస్త అదుపులో పెట్టుకోండమ్మా, మా కాపురం కూలుతోంది' అన్నా."

"ఆవిడేమంది?"

"ఏమీ అనలేదండీ. ఆ మిషన్ నా కడుపు మీద అదిమిపెట్టి అలాగే ఉండిపోయింది. ఎంత నొప్పి పుట్టిందో! ఈ నెలంతటికీ నాకు నిజంగా వచ్చిన నొప్పి అదొక్కటే."

డిటెక్టివ్ మెల్లగా లేచి డాక్టరు గదిలోకి నడిచాడు.

గదికి రెండు తలుపులు. ఒకటి వెనక వసారాలోకి. రెండోది పక్కనున్న స్కాన్ గదిలోకి. స్కాన్‌లో ఏదైనా తేడా కనిపిస్తే పెద్ద డాక్టరు అటునుంచే వెళ్లి చూసేవాడు. కుర్చీ పడిపోలేదు. టేబుల్ మీద వస్తువులు చెదరలేదు. డాక్టరు రాసే పెన్నుకి మూత పెట్టి ఉంది. వెనక నిలబడ్డ మనిషిని ఆయన చూసే ఉంటాడు, చూసి కూడా నిశ్చింతగా వీపు తిప్పి కూర్చుని ఉంటాడు. పరాయి మొగుడు కోపంగా గదిలోకొస్తే ఎవరైనా వాడికి వీపు చూపిస్తారా?

డిటెక్టివ్ భార్య నేల మీద మోకాళ్ల మీద కూర్చుని రాతి బొమ్మ మీద పొడి అద్దుతోంది. విసుగ్గా ఉంది.

"ముద్రలు లేవు. తుడిచేశారు. కానీ పొడి మామూలుగా నిలవట్లేదు, ఇక్కడొక చోట ముద్ద కడుతోంది."

"చేతులకి రాసుకునే శానిటైజర్" అన్నాడు ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోంచి. "ఆస్పత్రి కదా."

"అదే అయ్యుంటుంది సార్" అంది ఆమె. ఆ 'సార్' డిటెక్టివ్ నడుంలో ఇంకో రాయి అయి కూర్చుంది.

అతను బొమ్మ మీదకి వంగాడు. దాని ఒంపులో సన్నటి పొర, అంచుల్లో తెల్లగా పెచ్చులు కడుతోంది. ఎక్కడో చూశాడు. ఎక్కడ? వంగినప్పుడు తన చొక్కా అంచు పైకి లేచింది. నడుం దగ్గర గుడ్డ అట్టలా బిగుసుకుని ఉంది. గోటితో గీకాడు. తెల్లటి పెచ్చులు రాలాయి.

"శానిటైజర్ ఆరితే ఏమీ మిగలదు" అన్నాడు. "ఇటు చూడు. ఇది పొద్దున్న నాకు స్కాన్ చేసేటప్పుడు రాసిన జెల్. తుడుచుకోమని కాగితం ఇచ్చారు, సరిగ్గా తుడుచుకోలేదు. అదీ ఇదీ ఒకటేనా?"

ఆమె అతని చొక్కా అంచు పట్టుకుని భూతద్దం పెట్టింది. తర్వాత బొమ్మ మీద పెట్టింది. తలెత్తి అతన్ని చూసింది. పెళ్లైన కొత్తలో చూసిన చూపు అది. ఆర్నెల్లుగా ఆ చూపు ఎటు పోయిందో అని అతను వెతుక్కుంటున్నాడు.

"ఒకటే" అంది.

ఇన్‌స్పెక్టర్ ముఖం ముడుచుకుంది. "సరే, జెల్లే అనుకుందాం. డాక్టరమ్మని అనుమానిస్తున్నారా? రిసెప్షనిస్టు పెద్ద డాక్టరుకి కాఫీ ఇచ్చి వచ్చింది. ఖాళీ కప్పు కోసం మళ్లీ వెళ్లేసరికి ఆయన పడి ఉన్నాడు. ఆ మధ్యలో డాక్టరమ్మ స్కాన్ గదిలో పేషెంటుతో ఉంది. ఆవిడా ఫోన్లో చెప్పింది, పేషెంటూ చెప్పాడు. ఆయనేమీ దారినపోయే మనిషి కాదు, ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేశాడు. మీకు నా మీద కడుపుమంట ఉంటే ఉండొచ్చు సార్, కానీ దాంతో కేసు తేలదు."

భార్య తల దించుకుని బ్రష్ తుడవసాగింది. అంటే ఈ కడుపుమంట సంగతి ఊరందరికీ తెలుసన్నమాట.

"మీరెప్పుడైనా కిడ్నీ స్కాన్ చేయించుకున్నారా?" అన్నాడు డిటెక్టివ్ నిదానంగా.

"దేవుడి దయవల్ల లేదు."

"అదే వచ్చింది చిక్కు. మీ ఆరోగ్యం చూసి కుళ్లుకోని రోజు నాకు ఇదే మొదటిది. మాస్టార్ని పిలవండి."

మాస్టారు వచ్చి నిటారుగా నిలబడ్డాడు. బట్టతల, బుర్రమీసాలు. మాట ఈల వేసినట్టుంది. "అడగండి సార్!"

"స్కాన్‌కి ముందు నీళ్లు తాగించారా మాస్టారూ?"

"మూడు సీసాలు సార్! బాత్రూమ్‌కి వెళ్లొద్దన్నారు. నేను వెళ్లలేదు. క్రమశిక్షణ!"

"ముందు నిండుగా ఉన్నప్పుడు చూశారు. తర్వాత?"

మాస్టారి మీసాలు కదిలాయి. ఆయన డిటెక్టివ్ భార్య వైపు ఓరగా చూసి ముఖం తిప్పుకున్నాడు. "తర్వాత... మళ్లీ చూశారు సార్."

"ఆ మధ్యలో?"

"మధ్యలో ఏముంది సార్."

"నాకూ పొద్దున్న అదే స్కాన్ చేశారు మాస్టారూ. నిండుగా ఉన్నప్పుడు ఒకసారి. తర్వాత లేపి, బాత్రూమ్‌కి వెళ్లి రమ్మని, లోపల ఇంకా ఎంత మిగిలిందో చూడ్డానికి రెండోసారి. మీ వయసు మగాళ్లకి తప్పకుండా చూస్తారట. మీరు బల్ల మీంచి లేచారా, లేదా?"

మాస్టారు నిలువునా ఎర్రబడ్డాడు. "లేచాను సార్! అది కూడా చెప్పాలా సార్? ఇందాక ఇన్‌స్పెక్టర్‌గారు అడిగేటప్పుడు ఈ అమ్మాయి దగ్గర కూర్చుని రాసుకుంటోంది. ఆడపిల్ల ముందు బాత్రూమ్ కబుర్లు ఎలా చెప్తాం? స్కాన్ అయ్యేదాకా డాక్టరమ్మ దగ్గరే ఉన్నారా అన్నారు. ఉన్నానన్నా. ఈ కాస్త సంగతి లెక్కలోకి వస్తుందనుకోలేదు."

ఇన్‌స్పెక్టర్ నోరు తెరిచాడు. డిటెక్టివ్ చేయెత్తి ఆపాడు.

"వెళ్లి వెంటనే వచ్చేశారా?"

"ఎక్కడ సార్! వసారా మలుపు తిరిగి వెళ్తే బాత్రూమ్ గడియ వేసుంది. కొట్టా. లోపల్నుంచి ఎవరో 'ఉన్నా, ఉన్నా' అన్నాడు. మూడు సీసాలు సార్! ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలుసు. మళ్లీ కొడదామనుకునేసరికి లోపల 'అబ్బా!' అని మూలిగాడు. పాపం, ఎవరికో రాయి పడిపోతోంది కాబోలని జాలేసి ఊరుకున్నా."

హాల్లోంచి ఇదంతా వింటున్న సోఫాల ఆసామి, వేలు అరచేతిలో దాచుకుని తల వంచేశాడు.

"మీరు తిరిగి వెళ్లేసరికి డాక్టరమ్మ ఏం చేస్తోంది?"

"చేతులు కడుక్కుంటోంది సార్. 'ఇంతసేపా మాస్టారూ' అని నవ్వింది. మళ్లీ జెల్ రాసింది. ఈసారి చెయ్యి వణికింది. నన్ను చూసి నవ్వాపుకుంటోందేమో అనుకుని నేను సిగ్గుతో కళ్లు మూసుకున్నా."

ఇన్‌స్పెక్టర్ దగ్గర ఒక మంచి గుణం ఉంది. అదే డిటెక్టివ్‌కి అన్నిటికంటే మంట. తప్పు తెలిస్తే ఒప్పుకోవడానికి అతనికి క్షణం పట్టదు. వెళ్లి సోఫాల ఆసామి సంకెళ్లు స్వయంగా ఊడదీశాడు.

రిసెప్షనిస్టు మొగుడి ముందు నిలబడింది. "శాంపిల్‌లో రక్తం కలిపేవా? రోజూ ఆలస్యంగా వచ్చేదెందుకో తెలుసా నీకు? డయాలసిస్ మిషన్ పని నేర్చుకుంటున్నా. పెద్ద డాక్టరుగారు ఉచితంగా నేర్పిస్తున్నారు. నీకు చెప్తే మానిపిస్తావని చెప్పలేదు. నువ్వు ఆవిడ చెవిలో పోసిన విషం ఆయన తల పగలగొట్టింది!" మాట పూర్తిచేసి విసవిసా లోపలికి వెళ్లిపోయింది. ఆసామి కుర్చీలో కూలబడ్డాడు.

"డాక్టరు పక్కన ఇప్పుడెవరున్నారు?" అన్నాడు డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టర్ ముఖంలో రంగు పోయింది. "ఆవిడే. ఆస్పత్రి గదిలో నేను చూసుకుంటా, నేనూ డాక్టర్నేగా అని ఫోన్లో ఏడ్చింది. కానిస్టేబుల్‌ని కిందకి పంపేశా."

"ఆయన కళ్లు తెరిస్తే మొదట చెప్పే పేరు ఆవిడదే!"

ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఫోన్లో అరుస్తున్నాడు. "పైకి పరుగెత్తు! ఆవిణ్ణి ఆయన మీద చెయ్యి వేయనివ్వకు! నేనొస్తున్నా!"

డిటెక్టివ్ కూడా ఒక్క ఉదుటున తలుపు వైపు కదిలాడు. రెండో అడుగులో రాయి కదిలింది. నడుంలోంచి గజ్జల దాకా ఎవరో మరమేకు తిప్పినట్టయింది. కళ్లు బైర్లు కమ్మాయి. గోడ పట్టుకుని జారి నేల మీద కూర్చుండిపోయాడు.

"ఏమండీ!" భార్య వచ్చి పట్టుకుంది. చెమటతో అతని చొక్కా తడిసిపోయింది.

"నువ్వు వెళ్లు. ఆవిడ కోటు మీద, మాస్టారికి రెండోసారి రాసిన జెల్ కింద రక్తపు మరక ఉంటుంది, మార్చేలోపు పట్టుకోవాలి."

"మిమ్మల్నిలా వదిలేసా?"

"ఇది చంపదు. అక్కడ చచ్చిపోయేది నా డాక్టరు. ఆయన పోతే నాకు మళ్లీ నెలల తరబడి అపాయింట్‌మెంట్ దొరకదు. వెళ్లు!"

ఇన్‌స్పెక్టర్ వంగి అతని భుజం నొక్కాడు. "కేసు మీది సార్. పరుగు మాత్రమే నాది." తర్వాత పరుగెత్తాడు. ఎంత బాగా పరుగెత్తాడో! జీపు ముందు సీట్లో, అతని పక్కన, తన భార్య. తలుపు మూసుకుంది. జీపు మలుపు తిరిగేదాకా డిటెక్టివ్ చూస్తూనే ఉన్నాడు. ఏది ఎక్కువ నొప్పో ఆ క్షణంలో చెప్పమంటే చెప్పలేకపోయేవాడు.

"సార్, సార్, ఈ కంగారులో మర్చేపోయా." రిసెప్షనిస్టు ట్రే పట్టుకుని పక్కన కూర్చుంది. అతని చొక్కా చెయ్యి పైకి మడిచింది, తడిదూదితో తుడిచింది. "ఒక్క నిమిషం ఓర్చుకోండి. నొప్పి మొత్తం పోతుంది."

అతను కళ్లు మూసుకునే చెయ్యి చాపాడు. నొప్పి పోతుందంటే ఆ క్షణంలో ఆస్తి రాసిచ్చేవాడు. సూది చర్మంలోకి దిగింది.

"అమ్మగారి మనసు ఎలాంటిదో గానీ..." ఆమె ముక్కు ఎగబీల్చింది. "అంబులెన్స్ ఎక్కేముందు కూడా మీ కోసం స్వయంగా నింపి ఫ్రిజ్‌లో పెట్టారు సార్. ఆ పొడుగాటాయనకి నొప్పి పెరిగితే నువ్వే ఇవ్వు, ఇంకెవరి చేతికీ ఇవ్వకు అని మరీ మరీ చెప్పారు."

నువ్వే ఇవ్వు.

డిటెక్టివ్ కళ్లు తెరుచుకున్నాయి. ఏదీ దాగదన్నమాట అని నవ్విన ముఖం కళ్ల ముందు మెదిలింది. తను చచ్చిపోతే కూపీ లాగేవాడు ఉండడు. చంపింది ఈ పిల్ల చెయ్యి అవుతుంది. డాక్టరమ్మ అసలు కక్ష ఎవరి మీద? ఈ పిల్ల మీదే కదా!

ఆపమని అరవబోయాడు. రాయి ఊపిరి బిగించేసింది, గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. ఉన్న బలమంతా కూడదీసుకుని రెండో చేత్తో ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. ఆమె బొటనవేలు సిరంజి మీదే ఉంది, నొక్కడానికి సిద్ధంగా.

"అయ్యో, ఏంటి సార్? చెయ్యి వదలండి!"

ఆ మాట హాలంతా వినిపించింది. మూలన కుర్చీలో కూలబడ్డ సోఫాల ఆసామి తలెత్తాడు. నేల మీద తన భార్య. ఆమె చెయ్యి పట్టుకున్న పరాయి మగాడు.

సంకెళ్లు ఇప్పుడతని చేతికి లేవు. తీయించింది డిటెక్టివే.

"నా పెళ్లాం చెయ్యి వదలరా!" అంటూ ఆసామి ఎద్దులా దూకాడు, సరిగ్గా సిరంజి పట్టుకున్న ఆ చేతి మీదికే.